మందేదైనా సరే, రుజువు అడుగుదాం!

కుక్కల్నీ పిల్లుల్నీ సాకుతున్న అమ్మలారా, అయ్యలారా, అక్కలారా, అన్నలారా!

"కుక్కపిల్ల నిన్నటి నుంచి కక్కుతోంది, విరేచనంలో రక్తం పడుతోంది, ఏం వేయాలి?" అని అడిగి చూడండి. మన వీధిలో జవాబులకు కరువుండదు. పెట్ షాపు కుర్రాడు చుక్కల సీసా ఒకటి చేతిలో పెడతాడు. మేడ మీది మామ్మగారు దానిమ్మ తొక్క కషాయం పట్టమంటారు. వాట్సాప్ గ్రూపులో ఒకాయన హోమియో మందు పేరు రాసి పక్కన 30 అనో 200 అనో అంకె వేస్తారు. పసరు పోసే మనిషి ఏ ఊళ్లో ఉంటాడో ఆటో అతనికి కూడా తెలుసు. వీళ్లలో ఎవరికీ చెడు చేయాలని ఉండదు. అందరి దగ్గరా ఉన్న ఆధారం మాత్రం ఒక్కటే: "మా దానికి దీంతోనే తగ్గింది."

ఆ ఆధారం చాలదు. ఎందుకు చాలదో, మరేం అడగాలో, ఈ వారంలోనే ఏం చేయాలో చెప్పడానికి ఈ కాగితం మీ చేతికి వచ్చింది. రెండు నిమిషాలు నిలబడి చదవండి.

తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

చిన్న వయసు కుక్కలకు పెదాల మీద, నోటి లోపల కాలీఫ్లవర్ లాంటి పులిపిర్లు లేస్తుంటాయి. చూస్తే భయం వేస్తుంది. పాపిలోమా అనే వైరస్ వల్ల వస్తాయవి. థూజా అనే హోమియో చుక్కలు వేయమని ఎవరో చెబుతారు. వేస్తాం. నెలకో రెండు నెలలకో పులిపిర్లు రాలిపోతాయి. ఆ రోజు నుంచి ఆ వీధికంతా థూజానే మందు. అయితే చుక్కలు వేయని కుక్కలకూ అవి చాలావరకు కొన్ని వారాల్లోనో కొన్ని నెలల్లోనో వాటంతటవే పోతాయి. ఒంట్లోని రోగనిరోధక శక్తి ఆ వైరస్‌ను గుర్తుపట్టడానికి పట్టే సమయం అది. మందు వేయని కుక్కల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "మేం ఏమీ వేయలేదు, పోయాయి" అని గ్రూపులో రాసేవాళ్లను ఎప్పుడైనా చూశారా?

దీనికి ఒక ఎదురు ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మనిషికైతే నమ్మకం వల్ల తగ్గొచ్చు. నోరులేని జీవానికి నమ్మకం ఏమిటి? దానికి తగ్గిందంటే మందు పనిచేసినట్టే కదా!" వినడానికి గట్టిగానే ఉంది. కానీ కుక్కకు తగ్గిందని చెబుతున్నది ఎవరు? కుక్క కాదు, మనం. నమ్మకం ఉన్నదీ మనకే.

దీన్ని కొలిచి చూశారు. అమెరికాలో మినెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన కాన్జెమియస్, ఎవాన్స్ 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. కీళ్లు అరిగి కుంటుతున్న 58 కుక్కలు. వాటికి ఇచ్చింది మందు కాదు, మందులా కనిపించే ఉత్తి మాత్ర. కుక్కకు పడింది మందో ఉత్తిదో యజమానికీ డాక్టరుకీ తెలియదు. నడకను కొలవడానికి నేలలో ఒక పలక అమర్చారు. కుక్క దాని మీదుగా నడిస్తే ఏ కాలి మీద ఎంత బరువు మోపుతోందో యంత్రం రాసుకుంటుంది. కుక్క మీద దానికి ప్రేమ ఉండదు, ఖర్చు పెట్టామన్న బాధ ఉండదు. యంత్రం లెక్కల్లో మెరుగు లేని చోట కూడా యజమానులు "బాగా నడుస్తోంది" అన్నారు. కుంటు విషయంలో వాళ్ల అంచనా ఇలా దారి తప్పింది దాదాపు 57 శాతం సార్లు. అనుభవం ఉన్న పశువైద్యులు కూడా పరీక్షను బట్టి 40 నుంచి 45 శాతం సార్లు అదే పొరపాటు పడ్డారు.

చదువుకున్నవాళ్లు, చేతులతో కీళ్లు నొక్కి చూసినవాళ్లు, రోజూ ఎన్నో కుక్కల్ని చూసేవాళ్లు కూడా మోసపోయారంటే ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు. తగ్గాలని కోరుకునే కంటికి తగ్గినట్టే కనిపిస్తుంది.

మూర్ఛ సంగతి ఇంకా చిత్రం. కుక్కల మూర్ఛ మందుల పరీక్షల్లో ఉత్తి మాత్ర తీసుకున్న కుక్కల లెక్కలు మాత్రమే విడిగా తీసి, 2010లో అమెరికా పరిశోధకులు చూశారు. అలాంటివి 28. వాటిలో 22 కుక్కలకు ఫిట్స్ తగ్గాయి. అంటే 79 శాతం! ఎందుకంటే మూర్ఛ ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వస్తుంది. బాగా ఎక్కువైన నెలలోనే మనం కొత్త మందు కోసం పరుగెత్తుతాం. ఆ తర్వాతి నెల ఏం వేసినా, వేయకపోయినా కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ తగ్గుదల ఖ్యాతి చేతిలో ఉన్న సీసాకు పోతుంది.

అందుకే రుజువు అంటే పోలిక. ఒకే జబ్బు ఉన్న జంతువులను రెండు గుంపులుగా చీటీలు వేసి విడదీయాలి. ఒక గుంపుకు మందు, ఒక గుంపుకు ఉత్తిది ఇవ్వాలి. దేనికి ఏది పడిందో ఇచ్చేవాళ్లకీ చూసేవాళ్లకీ తెలియకూడదు. ఆపైన లెక్కపెట్టాలి. ఇంకొకచోట ఇంకొకరు చేసినా అదే ఫలితం రావాలి. ఇంతకు మించిన బ్రహ్మవిద్య ఏమీ లేదు ఇందులో.

తియ్యటి గోళీలు ఈ పరీక్షకు నిలిచాయా?

ముందు లెక్క చూడండి. హోమియోలో 30 పొటెన్సీ అంటే ఒక వంతు పదార్థాన్ని వంద వంతులకు పలుచన చేసి, అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ వంద వంతులకు పలుచన చేసి, అలా ముప్పై సార్లు. పన్నెండో సారి దాటేసరికే అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. 200 అంటే ఒకటి పక్కన 400 సున్నాలంత పలుచన. ఇక సీసాలో ఉన్నది పంచదార, ఆల్కహాలు.

"లెక్కలు వదిలేయండి, పనిచేస్తోందా లేదా చెప్పండి" అంటారా? న్యాయమే. స్వీడన్‌లో విరేచనాలు పట్టిన 44 లేగదూడల మీద పైన చెప్పిన పద్ధతిలోనే పరీక్ష చేసి 2003లో ప్రచురించారు. హోమియో మందు వేసిన దూడలకు సగటున 3.1 రోజులు విరేచనాలు ఉన్నాయి. ఉత్తిది వేసిన వాటికి 2.9 రోజులు. నార్వేలో ఆవుల పొదుగువాపు మీద చేసిన పరీక్షలోనూ ఉత్తి మందు కంటే హోమియో మెరుగని తేలలేదు. 2014లో ఇలాంటి పరీక్షలు 18 ఏరి సమీక్షించారు. ఆ సమీక్ష చేసిన రాబర్ట్ మాథీ హోమియో మీద కత్తి కట్టినవాడేమీ కాదు, బ్రిటిష్ హోమియోపతి సంఘం మనిషే. ఆ 18లో నమ్మదగినవని వాళ్లు తేల్చినవి రెండే రెండు. ఒకటి ఇందాకటి పొదుగువాపు సంగతి, ఫలితం లేదు. రెండోది పందిపిల్లలకు విరేచనాలు రాకుండా మందు వేసి చూసిన పరీక్ష, అందులో ఫలితం కనిపించింది. దాచాల్సిన పని మాకు లేదు, అందుకే అదీ చెబుతున్నాం. కానీ ఒక్క పరీక్ష మీద ఒక వైద్యాన్ని నిలబెట్టలేం. బ్రిటన్‌లో పశువైద్యుల వృత్తిని నియంత్రించే రాయల్ కాలేజీ 2017లో తన సభ్యులకు తేల్చి చెప్పింది: ఆధారం ఉన్న చికిత్సకు బదులుగా ఇలాంటివి వాడొద్దు అని.

బదులుగా. ప్రాణం పోయేది అక్కడే.

పార్వోకు గంటలే గడువు

1978కి ముందు ప్రపంచానికి కుక్కల పార్వో అనే ఈ జబ్బు తెలియదు. రెండేళ్లలో ఖండాలన్నీ చుట్టేసింది. పార్వో వైరస్ పేగు లోపలి పొరను తినేస్తుంది, ఎముక మజ్జను దెబ్బతీసి తెల్ల రక్తకణాలను పడగొడుతుంది. కుక్కపిల్ల చల్లటి గచ్చుకు పొట్ట ఆనించి పడుకుంటుంది. నీళ్ల గిన్నె మీద తల వేలాడేసుకుని ఉంటుంది గానీ తాగదు. మెడ మీది చర్మాన్ని చిటికెతో పైకి లాగి వదిలితే వెంటనే కిందికి పోదు. విరేచనం వాసన గది దాటి వీధిలోకి వస్తుంది.

చికిత్స లేకపోతే పది పిల్లల్లో తొమ్మిది దాకా పోతాయి. వేళకు నరంలోకి సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, పేగు దాటి రక్తంలోకి వచ్చే క్రిములకు యాంటీబయాటిక్ ఇస్తే పదిలో ఎనిమిదికి పైగానే బతుకుతాయి. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా అంతా నీళ్లు, ఉప్పు, సమయం. చుక్కలు వేసి "రేపు చూద్దాం" అనుకున్న రాత్రే ఆ సమయం అయిపోతుంది. కక్కుతున్న పిల్లకు కషాయం బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి రెండో జబ్బు తెచ్చిపెడుతుంది. ఒక చిన్న కిట్‌తో పార్వో అవునో కాదో పావుగంటలో తేలుతుంది. టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండేదాకా డాక్టరు చెప్పిన గడువుల్లో వేయించాలి. ఒక్క సూదితో సరిపెట్టుకున్న పిల్లలూ దొరికిపోతాయి. "టీకాకు బదులు ఈ చుక్కలు చాలు" అని ఎవరైనా అమ్మజూపితే, ఆ దుకాణం మెట్లు మళ్లీ ఎక్కకండి.

పసరు ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కుక్క కరిస్తే పసరు పోయించుకోవడం ఇంకా ఉంది. మనుషులకే కాదు, పిచ్చికుక్క కరిచిన పెంపుడు కుక్కకూ గేదెకూ పోయిస్తున్నారు. పసరు పోసే మనిషి వందమందికి పోస్తే తొంభైమందికి పైగా బాగానే ఉంటారు. అతను అబద్ధం చెప్పడం లేదు! కరిచిన ప్రతి కుక్కకూ రేబిస్ ఉండదు. రేబిస్ ఉన్న కుక్క కరిచినా ప్రతి కాటుకూ జబ్బు అంటుకోదు. పసరు పోయకపోయినా వాళ్లలో చాలామంది బాగానే ఉండేవాళ్లు. మిగిలిన ఆ కొద్దిమంది మాత్రం మళ్లీ వచ్చి "నీ మందు పనిచేయలేదు" అని చెప్పరు. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ప్రపంచపు రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనే.

పెద్దలకు ఇంకొకటి గుర్తుండే ఉంటుంది: బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా భయానికే సగం ఊళ్లు పసరు దారి పట్టాయి. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు, ఆ టీకాకు నరాల మీద చెడు ప్రభావం ఉండేది. దాన్ని ఆపించింది ఎవరు? రుజువులు అడిగిన శాస్త్రమే. 2004 చివరికల్లా మన దేశంలో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు వేసేది కణజాలంలో పెంచిన కొత్త టీకా, చేతికి వేస్తారు. తన తప్పును తానే లెక్కగట్టి పారేసిన పసరు వైద్యుడు ఒక్కడైనా ఉంటే చూపించండి.

కాటు పడితే గాయాన్ని ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం వద్దు, సున్నం వద్దు, పసుపు వద్దు. నేరుగా ఆసుపత్రికి పోండి. కరిపించుకున్నది మీ కుక్కయితే, దానికి పాత టీకా ఉన్నా సరే, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.

వంటింటి మందులు, మెకానిక్ షెడ్డు మందులు

"సహజమైనది, నష్టం లేదు" అంటారు. నష్టం ఉంది. పిడుదులు పోతాయని పెట్టే వెల్లుల్లి, అన్నంలో కలిసే ఉల్లి, పచ్చివైనా వండినా పొడి చేసినా, కుక్కల్లో పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిస్‌మిస్, ద్రాక్ష కొన్ని కుక్కల మూత్రపిండాలను ఆపేస్తాయి. గజ్జికి రాసే కర్పూరం నూనెను కుక్క నాకుతుంది, ఫిట్స్ రావచ్చు. ఇక బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్! చర్మం కాలుతుంది, నాకితే లోపలికి విషం పోతుంది. గజ్జి పురుగును చంపే మాత్రలు మంచివి ఇప్పుడు దొరుకుతున్నాయి. చర్మం కొద్దిగా గీకి మైక్రోస్కోపు కింద పెడితే ఏ పురుగో తెలుస్తుంది. అది తెలియకుండా ఏం రాసినా చీకట్లో రాయి విసిరినట్టే.

పిల్లి ఉన్నవాళ్లు ఇది గోడ మీద రాసుకోండి: పిల్లికి జ్వరమని పారాసిటమాల్ ఇవ్వకూడదు. ఒక్క బిళ్ల చాలు ప్రాణం పోవడానికి. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు.

పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతే బొప్పాయి ఆకు రసం పోయమని ఇప్పుడు ఊరంతా చెబుతోంది. కణాల సంఖ్య మాట అలా ఉంచండి, లోపల ఉన్న ఎర్లీషియా క్రిమిని ఆ రసం చంపుతుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. దాన్ని చంపేది డాక్సీసైక్లిన్, సాధారణంగా నాలుగు వారాల కోర్సు. వారానికే కుక్క తోక ఊపిందని ఆపేయకండి.

నాటుదా, ఇంగ్లిషుదా అన్నది మా ప్రశ్నే కాదు

ఐవర్‌మెక్టిన్ పుట్టింది జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి. 1981లో మొదట పశువుల మందుగానే బజారుకొచ్చింది, దాన్ని కనుగొన్నవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది. అదే మందు ఎక్కువ మోతాదులో కొన్ని కోలీ జాతి కుక్కల ప్రాణం తీస్తుంది. డైక్లోఫెనాక్ ఇంగ్లిషు మందే. దాన్ని వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చస్తున్నాయని రుజువయ్యాక 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. కీళ్లు అరిగిన కుక్కకు చేప నూనెలోని ఒమేగా-3 కొంత మేలు చేస్తుందని పరీక్షల్లో తేలింది, వాడుకోండి. అదే కీళ్ల కోసం ఖరీదుగా అమ్ముడుపోయే గ్లూకోసమైన్‌కు అంత బలం లేదు. సూదుల వైద్యం, అంటే ఆక్యుపంక్చర్ మీద 2006లో 31 పరీక్షలు సమీక్షించిన వాళ్లు, చేయమనీ చెప్పలేం, వద్దనీ చెప్పలేం అన్నారు. పాడి పశువుల పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపి పూసే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తోంది. ఇలాంటివాటిని పోలిక గుంపు పెట్టి ఇంకా గట్టిగా పరీక్షించాలన్నదే మా కోరిక. నెగ్గితే మొదటి చప్పట్లు మావే.

పశువైద్యుణ్ణి కూడా ఇదే ప్రశ్న అడగండి. ప్రతి చీటీ మీదా కనిపించే ఆ లివర్ టానిక్ ఎందుకు, అది లేకపోతే ఏమవుతుంది అని. మంచి డాక్టరు కోపం తెచ్చుకోడు. ప్రైవేటు క్లినిక్‌లో బిల్లు భారమని, రాత్రి పదింటికి తలుపు తెరిచేవాళ్లు లేరని మీరంటే కాదనం. చాలామంది గోళీల వైపు వెళ్లేది మూఢనమ్మకంతో కాదు, జేబులో డబ్బు లేక. అందుకే ప్రభుత్వ ఆసుపత్రి దారి ముందే తెలుసుకుని పెట్టుకోవాలి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. మీ మండలంలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

ఇక పనిలోకి దిగుదాం

ఎవరు ఏ మందు చెప్పినా మూడే మాటలు అడగండి: దేనితో పోల్చి చూశారు? మందు వేయని వాటికి ఏమైంది? ఇది నమ్మి ఆగితే ఎన్ని గంటలు పోతాయి? మూడో దానికి జవాబు భయపెట్టేలా ఉంటే చర్చ ఆపి ఆటో ఎక్కండి. కక్కులు, రక్త విరేచనాలు, ఆగని ఫిట్స్, ఊపిరాడకపోవడం, మూత్రం రాక ముక్కుతున్న మగపిల్లి: వీటికి ఇంట్లో ప్రయోగాలు లేవు.

కీళ్లనొప్పి లాంటి దీర్ఘకాలపు జబ్బుకు టానిక్కో నూనో వాడాలనే ఉంటే, డాక్టరుకు చెప్పి వాడండి, కానీ మీ కంటిని మీరు నమ్మకండి. మొదటి రోజు అదే వీధిలో, అదే వేళకు కుక్క నడకను ఫోన్‌లో వీడియో తీయండి. నెల తర్వాత మళ్లీ తీయండి. ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పకుండా పక్కింటి నలుగురికి చూపించి ఏది బాగుందో అడగండి. వాళ్లు తేల్చలేకపోతే ఆ డబ్బుతో టీకా వేయించండి.

వైద్యం చేస్తానన్న మనిషిని రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టరైన పశువైద్యులది. అడగడం మర్యాద తక్కువ కాదు.

పెట్ షాపు అన్నలారా, టీకాకు బదులంటూ ఏ సీసా అమ్మకండి. కాలనీ సంఘాల పెద్దలారా, వీధి కుక్కల్ని కలుపుకుని టీకాల జాబితా రాయించండి. పెంపుడు కుక్క టీకా వేయించుకున్నంత మాత్రాన వీధిలో రేబిస్ ఆగదు.

జులై 6 జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం. 1885లో అదే తేదీన పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేయించాడు. ఏటా ఆ రోజున మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేసే శిబిరాలు పెడుతుంటారు. మూడు నెలలు నిండిన ప్రతి కుక్కనూ మెడకు గట్టి తాడు కట్టి, పొద్దున్నే, ఎండ ముదరకముందే తీసుకెళ్లండి. టీకా పుస్తకం వెంట ఉండాలి, లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. తేదీ, టీకా పేరు, బ్యాచి నంబరు, డాక్టరు సంతకం నాలుగూ పడ్డాయో లేదో చూసుకున్నాకే గేటు దాటండి. అప్పటిదాకా ఆగే పని లేదు, గడువు దాటిన టీకాలున్న వాళ్లు రేపే వెళ్లొచ్చు.

ఈ కాగితం చదివాక పారేయకండి. కుక్కపిల్లను కొత్తగా తెచ్చుకున్న ఇల్లు మీ వీధిలో ఒకటి ఉండే ఉంటుంది. వాళ్ల చేతిలో పెట్టండి.

ఇట్లు,
కుక్కల్నీ పిల్లుల్నీ సాకుతున్న మీ ఇరుగుపొరుగువారు